ఇరవైకి మూడు మార్కులు

సంపాదకులు గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ అనుబంధంలో ఒక పరీక్ష వేశారు. 'మీరు ఆశావాదా, నిరాశావాదా, దేనికీ చలించని రకమా?' అని. పది ప్రశ్నలు, ఒక్కోదానికి మూడు జవాబులు. మా మనవరాలు చదువుతుంటే నేను వంకాయలు తరుగుతూ జవాబులు చెప్పాను. దానికి తెలుగు అక్షరాలు మీ పత్రిక మీదే నేర్పిస్తున్నాను, బడిలో ఒడియా, ఇంగ్లీషే కాబట్టి. ఒక్కో ప్రశ్న కూడబలుక్కుని చదవడానికి రెండేసి నిమిషాలు పట్టింది. కనుక నేను తొందరపడి చెప్పానని అనుకోవద్దు, తీరిగ్గా ఆలోచించే చెప్పాను. ఇరవైకి మూడు మార్కులు వచ్చాయి.

కింద ఫలితాల పట్టికలో ఇలా ఉంది: 'అయిదు లోపు వస్తే మీరు నిరాశావాది. ప్రతిదాంట్లోనూ చెడే చూస్తారు. మంచి స్నేహితుల సాయం తీసుకోండి.' మనవరాలు అది చదివి, "నానమ్మా, నీకు ఫ్రెండ్స్ లేరా?" అని జాలిగా అడిగింది.

నాకు ఒడిశాలో ఉన్న ఈ గజపతి జిల్లాలో పదకొండు వందల మంది స్నేహితులున్నారు. అందరి పుట్టిన తేదీలూ తెలుసు. వాళ్ళ నామినీల పేర్లు తెలుసు. వాళ్ళ తండ్రులు ఏ వయసులో, ఏ జబ్బుతో పోయారో కూడా తెలుసు, ఎందుకంటే ప్రపోజల్ ఫారంలో ఆ గడి నింపేది నేనే. పర్లాకిమిడిలో ముప్పై ఏళ్ళుగా ఎల్‌ఐసి ఏజెంటుని.

ఈ ఉత్తరం పొడుగవుతుంది. చోటు లేకపోతే మూడు ముక్కలు చేసి వేసుకోండి. నాలుగో ప్రశ్న గురించి రాసింది మాత్రం కత్తిరించకండి.

'ఆకాశంలో మబ్బులు కమ్ముకుంటే మీకు మొదట ఏమనిపిస్తుంది? (అ) వానలో తడవాలనిపిస్తుంది. (ఆ) ఆరేసిన బట్టలు గుర్తొస్తాయి. (ఇ) ప్రత్యేకంగా ఏమీ అనిపించదు.' నేను (ఆ) అన్నాను. సున్న. ఈ ప్రశ్న తయారు చేసినవారెవరో గాని, అక్టోబరులో మా వైపు ఒక్క రాత్రి కూడా ఉండి ఉండరు.

2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. సరిగ్గా ఏడాదికి, 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖపట్నాన్ని ఊడ్చేసింది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ, పలాస దగ్గర. అంతకుముందు 1999లో ఏమైందో తర్వాత చెప్తాను. మా అత్తగారు కొత్త క్యాలెండరు రాగానే పండగల కన్నా ముందు అక్టోబరు పదకొండు, పన్నెండు తేదీలకి పసుపు బొట్లు పెట్టేవారు. తిత్లీ అంటే సీతాకోకచిలుకట. ఆ పేరు పెట్టినవాళ్ళకి మీ పరీక్షలో ఇరవైకి ఇరవై ఇవ్వాలి.

తిత్లీ వచ్చే ముందు రోజే దేవీ నవరాత్రులు మొదలయ్యాయి. పొద్దున్న కలశం పెట్టుకుని, మధ్యాహ్నం నుంచి నా పనిలో పడ్డాను. ఉన్న బిందెలూ గంగాళాలూ నింపాను. బియ్యం డబ్బా మంచమెక్కించాను. పెరట్లో రేకుల వంటపాకలోంచి గ్యాసు బండని లోపలికి దొర్లించాను. నా ఖాతాదారుల కాగితాలన్నీ ఎరువు బస్తాలోపలుండే ప్లాస్టిక్ సంచిలో కట్టి అటకెక్కించాను. మా ఆయన వీధరుగు మీద టీ తాగుతూ ఇదంతా చూస్తున్నారు. రైల్వేలో గార్డుగా చేసి రిటైరైన మనిషి. ఉద్యోగమంతా పచ్చజెండా ఊపారు, ఆ అలవాటు పోలేదు. నౌపడ నుంచి మా ఊరికి 1900లో పడిన సన్న పట్టాల బండి, ఆ తర్వాత గుణుపురం దాకా సాగింది, దాన్ని 2004లో ఆపేసినప్పుడు ఇక మనకి రైలు లేదని ఊరంతా అనుకుంది. ఆయన మాత్రం "వచ్చే దసరాకి పెద్ద బండి వచ్చీస్తాది" అని ఏటా అనేవారు. ఆరేడు దసరాలు పోయాక నిజంగానే వచ్చింది. ఒకసారి గెలిచిన ఆశావాదితో వేగడం కష్టం.

"సముద్రమెక్కడ, మనమెక్కడ? నౌపడ దాకా పట్టాలే నలభై కిలోమీటర్లు. గాలి అంత దూరం వచ్చేసరికి అలిసిపోద్ది" అన్నారు ఆ రోజు.

అలిసిపోలేదు. మొదట తలుపు గడియలు గడగడలాడాయి. తర్వాత బండి వంతెన మీద పోతున్నట్టు ఒకటే రొద. ఆ చప్పుడు ఆయన చెవికి బాగా తెలుసు కాబట్టి లేచి కూర్చున్నారు. పెరటి రేకులు ఒక్కొక్కటీ లేచిపోవడం విన్నాం. చూడలేదు, తలుపు తీసే ధైర్యం ఎవరికుంది? తెల్లారాక చూస్తే ఒక రేకు పక్కవీధి వేపచెట్టుకి వేలాడుతోంది. మా ఏరు మహేంద్రతనయ ఎర్రగా పొంగి పోతోంది. తొమ్మిది రోజులు కరెంటు లేదు, మోటార్లు ఆడక కుళాయిల్లో చుక్క లేదు. మా బిందెల్లో నీళ్ళు అయిదిళ్ళవాళ్ళు తాగారు. మూడో రోజు మా ఆయన ఏమన్నారో వినండి. "చూసినావా, నాలుగు రేకులు తప్ప ఏటీ అవలేదు కదా. ఊరికే కంగారుపడ్డావు."

ఈ 'ఏమీ అవలేదు' అన్న మాట మీద నాకు ముప్పై ఏళ్ళ పగ. పాలసీ మెచ్యూరిటీ చెక్కు చేతికిస్తే కొందరు ముఖం చిన్నబుచ్చుకుంటారు. "ఇరవై ఏళ్ళు కట్టానమ్మా, నాకేమీ అవలేదు, బ్యాంకులో వేసుకున్నా బాగుండేది" అంటారు. ఏమీ అవకూడదనే కదా బాబూ ఇరవై ఏళ్ళూ ఇద్దరం దణ్ణం పెట్టుకున్నది!

1999 సంగతి చెప్తానన్నాను. ఆ అక్టోబరులో రెండు తుపాన్లొచ్చాయి. నెల మధ్యలో వచ్చింది గోపాల్‌పూర్ వైపు, మా గంజాం వాళ్ళని కొట్టి పోయింది. ఒకటి వచ్చి వెళ్ళిపోయింది కదా, మళ్ళీ వెంటనే ఏమొస్తుందిలే అనుకున్నాం. 29వ తేదీన పారాదీప్ వైపు వచ్చింది సూపర్ సైక్లోన్. పదివేల మంది దాకా పోయారు. ఆ దెబ్బతో ఒడిశా ప్రభుత్వం పూర్తిగా నిరాశావాదిగా మారిపోయింది. విపత్తుల కోసమే ఒక సంస్థ పెట్టింది. తీరం పొడుగునా షెల్టర్లు కట్టించింది. 2013లో ఫైలిన్ వస్తోందంటే 10 లక్షల మంది దాకా ఇళ్ళు ఖాళీ చేయించింది, విననివాళ్ళని బలవంతంగా బళ్ళెక్కించింది. ప్రాణనష్టం పదుల్లో ఆగిపోయింది. మా పిన్ని కొడుకు ఒకడు బరంపురం అవతల ఉంటాడు. షెల్టర్లో రెండు రాత్రులు పడుకుని వచ్చి, "ఆ ఉప్మా తినలేక చచ్చాం" అన్నాడు. వాడి కంఠంలో ఆ విసుగు విని నాకెంత హాయిగా అనిపించిందో చెప్పలేను. మీ పరీక్ష రాసి ఉంటే ఆ రోజు ప్రభుత్వానికీ సున్నే వచ్చేది.

ఇక మా అత్తగారు. ఆవిడ మీ పరీక్ష రాస్తే పదికి పది ప్రశ్నలూ (ఇ) పెట్టేవారు. (ఇ)కి ఒక్కో మార్కు కాబట్టి ఇరవైకి పది. 'మీరు సమచిత్తులు, సుఖదుఃఖాలకి అతీతులు' అని మీ పట్టిక మెచ్చుకునేది. "ఏటవుద్దే? అవ్వాల్సిందవుద్ది" అన్నది ఆవిడ ఊతపదం. మా పక్కింటి ఒడియా ముసలావిడ ఇదే మాట "జాహా హెబొ దేఖాజిబొ" అంటుంది. ఇద్దరూ గోడకి అటూ ఇటూ నిలబడి, ఎవరి భాషలో వాళ్ళు, నలభై ఏళ్ళపాటు ఆ మాటే చెప్పుకున్నారు.

కానీ ఆవిడ వంటింట్లోకి వెళ్ళి చూడండి. మూడేళ్ళ నాటి చింతపండు ఒక జాడీలో, పోయినేడాదిది ఇంకో జాడీలో. వినాయక చవితి వెళ్ళేలోపు పిడకలన్నీ చూరు కిందికి చేరిపోవాలి. నూతికి చేంతాడు ఒకటి వాడకంలో ఉంటే, కొత్తది ఇంకోటి మేకుకి వేలాడుతూ ఉండాలి. వడియాలు, ఊరుమిరపకాయలు, అటుకులు, పాత బెల్లం. తిత్లీ తొమ్మిది రోజులూ మేం తిన్నది ఆవిడ 'అవ్వాల్సిందవుద్ది'నే. నోరు ఒకటి చెప్తుంటే చేతులు ఇంకొకటి చేసేవి. భయం ఆవిడకీ ఉండేది గాని దాన్ని ఎవరి నెత్తినా రుద్దేవారు కాదు. ఆవకాయ మీద రాతి గుండు పెట్టినట్టు, ఎక్కడ పెట్టాలో అక్కడ పెట్టేసి మూత వేసేవారు.

నేను కొత్తగా కాపరానికొచ్చిన రోజుల్లో ప్రతిదానికీ బెంగపడేదాన్ని. మా ఆయన బండి అరగంట ఆలస్యమైతే పూజగదిలో కూర్చుని ఏడిచేదాన్ని. ఒకరోజు ఆవిడ నా ముందు పీట వేసుక్కూర్చుని, "కీడెంచి మేలెంచమన్నారే. కీడెంచి ఏడవమన్లేదు. నీకు మొదటి ముక్క బాగా వచ్చీసినాది, రెండోది కూడా నేర్చుకో" అన్నారు. నేను నవ్వేసి ఊరుకున్నాను. ఆ రెండో ముక్క నాకు ఇంకో పాతికేళ్ళకి గాని అర్థం కాలేదు. ఆ సంగతి కిందికి వస్తుంది.

ముందు ఆటో అబ్బాయి గురించి చెప్పాలి. మా ఊరి నుంచి ఏరు దాటితే పాతపట్నం, ఆంధ్రా. రెండు రాష్ట్రాల మధ్యా రోజుకి పదిసార్లు తిరిగే అబ్బాయి. ఆటో వెనక 'అంతా మన మంచికే' అని తెలుగులో రాయించుకున్నాడు, చుట్టూ చేమంతి పూల బొమ్మలు. నేనెప్పుడు ఎక్కినా పాలసీ గురించి ఎత్తుతాను, అది నా వృత్తిరోగం. "అలగనకండమ్మా, తథాస్తు దేవతలు తిరుగుతుంటారు" అంటాడు. మా వ్యాపారానికి ఆ దేవతలంత శత్రువులు ఇంకెవరూ లేరు. ముప్పై ఏళ్ళుగా 'చావు' అన్న మాట నోట రాకుండా చావు గురించి మాట్లాడుతున్నాను. 'ఏదైనా అయితే', 'జరగరానిది జరిగితే', 'రేపొద్దున్న మీరు లేని పక్షంలో'. అమావాస్య నాడు ఫారం మీద సంతకం పెట్టరు. రాహుకాలంలో డబ్బు ఇవ్వరు.

సరే, నా పాలసీ వద్దులే, బ్యాంకుకి వెళ్ళి ఏడాదికి 20 రూపాయల ప్రమాద బీమా, 436 రూపాయల జీవిత బీమా రాయించుకో, రెండు లక్షలేసి వస్తాయి, అందులో నాకొక్క పైసా కమీషన్ లేదు అని కూడా చెప్పాను. "వచ్చే నెల తప్పకుండా" అన్నాడు. అలా పన్నెండు వచ్చే నెలలు పోయాయి. ఒక రాత్రి మలుపులో లారీ తగిలి కుడికాలు మోకాలి దగ్గర పోయింది. ఆసుపత్రికి చూడ్డానికి వెళ్తే మంచం మీద నవ్వుతున్నాడు. "కాలే కదమ్మా పోయింది, ప్రాణం దక్కింది, అంతా మన మంచికే." నిజం చెప్తున్నాను, ఆ నవ్వు నేను నవ్వలేను. ఆ అబ్బాయి స్థానంలో నేనుంటే గోడవైపు తిరిగి పడుకునేదాన్ని. ఆ నవ్వు వల్లే త్వరగా లేచి కూర్చున్నాడని అక్కడి నర్సులూ అన్నారు. కానీ ఇప్పుడు వాళ్ళావిడ తెల్లవారుజామున మూడింటికి లేచి ఇడ్లీ పిండి కలుపుతోంది. వీధి చివర బండి పెట్టింది. ఆవిడ ఎప్పుడైనా ఆశావాదో కాదో మనకి తెలీదు, ఆవిడ్ని ఎవరూ ఆ పరీక్ష రాయనివ్వలేదు. మా ఆయన రేకులు చూసి నవ్వినప్పుడూ అంతే కదా, బిందెలు మోసింది నేను. ఇంట్లో ఒకరు ధీమాగా ఉండాలంటే ఇంకొకరు రెండింతలు భయపడాలి. ఆ లెక్క మీ వ్యాసాల్లో ఎక్కడా కనపడదు.

ఇంతవరకూ చదివి, ఈవిడ నిరాశావాదమే గొప్పదని చెప్పుకుంటోందని మీరనుకుంటే, అక్కడే నాకు దెబ్బ తగిలింది.

నాకొక ఖాతాదారు ఉండేవారు, లెక్కల మాస్టారు. నా దగ్గర ఏడు పాలసీలు తీసుకున్నారు. నేను అడక్కుండానే తీసుకున్న మనిషి ఆయనొక్కరే. కీడెంచడంలో ఆయన ముందు నేను ఒకటో తరగతి. రోడ్డు దాటేముందు రెండు వైపులా చూడ్డం అందరూ చేస్తారు, ఆయన పైకి కూడా చూసేవారు, కరెంటు తీగ కోసం. ఫ్యాన్ కింద మంచం వెయ్యరు. వాళ్ళావిడ పెళ్ళయిన దగ్గర్నుంచి పూరీ జగన్నాథుణ్ణి చూపించమని అడిగేవారు. మన గుణుపురం నుంచి పూరీకే బండి ఉంది, మధ్యలో దిగి మారక్కర్లేదు కూడా. ఆయన దగ్గర ప్రతి నెలకీ ఒక జవాబుండేది. ఆషాఢంలో రథయాత్ర, తొక్కిసలాట. శ్రావణం, భాద్రపదం, ఏళ్ళు పొంగుతాయి. అక్టోబరు సరేసరి. చలికాలం దగ్గు. ఎండాకాలం వడదెబ్బ. సంవత్సరంలో పన్నెండు నెలలూ అయిపోయేవి. అలా ముప్పై ఒక్క ఏళ్ళు.

పోయారు. తుపానూ కాదు, పామూ కాదు, తీగా కాదు. జనవరిలో ఒక చల్లని రాత్రి, ఫ్యాను లేని గదిలో, నిద్రలో. క్లెయిము కాగితాలు నేనే దగ్గరుండి పెట్టించాను, మూడు వారాల్లో డబ్బొచ్చింది. మంచి మొత్తమే. ఖాతాలో పడిందని చెప్పడానికి వెళ్ళాను. ఇలాంటి రోజున మాకు కొంచెం గర్వంగా ఉంటుంది, దాచుకోవడమెందుకు. ఆవిడ బ్యాంకు పుస్తకం చేతిలో పట్టుకుని చాలాసేపు చూశారు. "ఇంత డబ్బుతో నేనేం చేసుకోవాలమ్మా?" అన్నారు. కోపంగా అనలేదు, వెటకారమూ కాదు. నిజంగానే నన్ను సలహా అడిగారు. మిగతా అందరికీ నా దగ్గర జవాబుంటుంది, ఫిక్స్‌డ్ డిపాజిట్, పెన్షన్ పథకం. ఆ రోజు నోరు పెగల్లేదు.

మా ఎల్‌ఐసి గుర్తు మీరు చూసే ఉంటారు. దీపానికి గాలి తగలకుండా రెండు చేతులు అడ్డం పెట్టి ఉంటాయి. ముప్పై ఏళ్ళుగా నా బ్యాగు మీద, డైరీ మీద, గోడ క్యాలెండరు మీద ఉన్న బొమ్మే. ఆ సాయంత్రం ఇంటికొచ్చి బ్యాగు కింద పెట్టి ఆ బొమ్మని మొదటిసారి చూసినట్టు చూశాను. మాస్టారూ నేనూ కలిసి ఏడు పాలసీలు రాసుకుని ఎంత గట్టిగా చేతులు అడ్డం పెట్టామో! లోపల వత్తి వెలిగించడం ఆయనకి గుర్తు లేదు. నాకూ గుర్తు రాలేదు. ఏడో పాలసీ అమ్మిన రోజున, "మాస్టారూ, ఈ ప్రీమియం ఈ ఏడాది వద్దులెండి, అమ్మగార్ని పూరీ తీసుకెళ్ళండి" అని ఒక్క మాట అనొచ్చు. అంటే నా కమీషన్ పోయేది. అదీ ఉంది. మా అత్తగారు చెప్పిన రెండో ముక్క, మేలెంచడం అంటే, నేను అనని ఆ మాటే.

మూడోది, ఉదాసీనత. మీ పట్టికలో దానికి సగం మార్కులిచ్చి శాంతస్వభావం అన్నారు. దాని గురించి నాకు చెప్పడానికి కొంచెం సిగ్గుగా ఉంది.

తిత్లీ రోజున మా వీధిలో ఫోన్లున్న ప్రతివాళ్ళూ సముద్రం వైపే చూశారు. పలాస, వజ్రపుకొత్తూరు, గోపాల్‌పూర్, ఈ పేర్లే. కొబ్బరీ జీడీ పోయాయని ఉద్దానంలో చుట్టాలకి ఫోన్లు చేసి ఏడ్చాం, ఏడవాల్సిందే. మా వెనకాల ఉన్న కొండల వైపు ఒక్కరం చూడలేదు. తుపాను అంటే తీరం వాళ్ళకి, కొండ మీద సవర గిరిజనులకి ఏముంటుంది అనుకున్నాం, అనుకున్నామని కూడా అనలేను, అసలా ఆలోచనే రాలేదు. ఆ వానకి మా జిల్లాలోనే బారఘరా అనే ఊళ్ళో కొండచరియ విరిగిపడి పదిమందికి పైగా పోయారు. నాకు రెండు మూడు రోజుల తర్వాత తెలిసింది. పదకొండు వందల మంది పుట్టిన తేదీలు తెలుసని పైన గొప్పగా రాశాను కదా, ఆ పోయినవాళ్ళలో ఒక్కరి పేరు కూడా నాకు తెలీదు. ఆ ఊళ్ళో నాకు ఖాతాదారులు లేరు. కీడెంచడంలో నన్ను మించినవాళ్ళు లేరనుకునే నేను ఎంచింది నా పెరటి రేకుల దాకానే. నాకు వాళ్ళ గురించి భయమూ లేదు, ఆశా లేదు. మీరు శాంతస్వభావం అన్నది ఇదే అయితే, ఆ ఒక్క మార్కు నాకొద్దు, తీసేసి ఇరవైకి రెండు చేసుకోండి.

మా పర్లాకిమిడిలోనే ఒకాయన ఉండేవారు, మీకు తెలిసినవారే. గిడుగు రామమూర్తి పంతులు గారు. రాజావారి బడిలో మేష్టరుగా వచ్చి, మన్యం నుంచి దిగివచ్చే సవరల మాట ఎవరికీ పట్టడం లేదని, ఆ భాష వచ్చినవాడిని ఒకణ్ణి ఇంట్లో పెట్టుకుని నేర్చుకున్నారు. అడవులంట తిరిగారు. మన్యం జ్వరం పట్టుకుంది. క్వినైను మింగి మింగి చెవులు పోయాయి. చెవులు పోయిన ఆ మనిషే, జనం నోట్లో ఆడే తెలుగునే పుస్తకాల్లో రాయాలని పండితులందరితో పోట్లాడారు. ఆయన ఆశావాదా? నిరాశావాదా? నాకైతే ఏ గడిలో టిక్కు పెట్టాలో తెలియడం లేదు. పర్లాకిమిడిని ఒడిశాలో కలపొద్దని గట్టిగా పోరాడారు, ఊరు దక్కలేదు. 1936లో కొత్త రాష్ట్రం వచ్చిన రోజున ఇక్కడ ఉండలేనని రాజమండ్రి వెళ్ళిపోయారు. అప్పటికి డెబ్బై దాటాయి.

మా తాత వెళ్ళలేదు. తాతది దేశభక్తీ కాదు, ధైర్యమూ కాదు. కాశీనగరం దారిలో ఎకరంన్నర పొలం ఉంది, కొనేవాడు దొరకలేదు. అలా ఉండిపోయాం. ఇప్పుడు నేను మనవరాలికి మీ పత్రిక మీద అక్షరాలు దిద్దిస్తుంటే, తెలుగు దీనికి అన్నం పెడుతుందా అని మా కోడలు అడుగుతుంది. పెట్టకపోవచ్చు. ఆ మాట నేనూ ఒప్పుకున్నాను. అయినా రోజూ పొద్దున్న అరగంట కూర్చోబెడుతున్నాను. పోయిన వారం 'ఉదాసీనత'లో దకి దీర్ఘం ఎక్కడ పెట్టాలో దానికదే పట్టుకుంది.

మాస్టారి భార్య గారు మొన్న మా ఇంటికొచ్చారు. మేనల్లుడి చేత ఫోన్లో పూరీ బండికి రెండు టికెట్లు తీయించారట, ఒకటి తనకి, ఒకటి నాకు. ఎప్పటికని అడిగితే అక్టోబరు రెండో వారం అన్నారు. "అక్టోబరులోనా? పదకొండు, పన్నెండు..." అని నేను మొదలెట్టేశాను. ఆవిడ చెయ్యెత్తి ఆపారు. "అదంతా నేనూ ఎంచుకున్నానులే. టికెట్‌తో పాటు బీమా అడిగితే అదీ తీసుకున్నాను, రూపాయి కూడా అవలేదు. నీకు నామినీగా మీ ఆయన పేరు రాయించాను. వాతావరణం బాగోకపోతే తర్వాత వారం పోదాం. కార్తీకంలో పోదాం. ఈ ఏడాది మాత్రం పోతున్నాం."

మా ఆయన వీధరుగు మీంచి "ఏటీ అవదు, ఎల్లి రండి" అని కేకేశారు.

నిన్న సంచి సర్దాను. టార్చిలైటు, రెండు జతల బ్యాటరీలు, ఓఆర్‌ఎస్ పొట్లాలు, తాడు, అటుకులు, బెల్లం, ఆధార్ జెరాక్సులు, ఎరువు బస్తా ప్లాస్టిక్ సంచి. మనవరాలు అన్నీ బయటికి తీసి చూసి, "కొత్త చీర ఏదీ?" అంది. నిజమే, పెట్టలేదు. ఈ ఉత్తరం పోస్టులో వేసి అటునుంచి అటే బజారుకి వెళ్తున్నాను.

ఇట్లు,
ఒక బీమా ఏజెంటు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా